తాతగారి అడంగల్‌లో పెన్సిల్‌తో రాసిన పేరు: ఈ పుస్తకాలు ఎవరికివ్వాలి?

కరణంగారి మనవరాలు:

నమస్కారం. రెవెన్యూలో పనిచేసినవాళ్లు, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా తాతగారు పాత రేపల్లె తాలూకాలో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక ఊరి కరణం, అంటే ఊరి భూమి లెక్కలు రాసే ఉద్యోగి. ఆయన తండ్రి కూడా కరణమే. మొన్న సంక్రాంతి వెళ్లాక మా పెంకుటిల్లు పడగొట్టించాం. అటక మీద నుంచి రేకు పెట్టె ఒకటి దిగింది. తాళంచెవి ఎప్పుడో పోయింది, మేస్త్రీ గడ్డపారతో లేపాడు. లోపల ఎర్రగుడ్డలో కట్టిన కట్టలు, మధ్యమధ్య పొడైపోయిన వేపాకు. విప్పి చూస్తే ఫసలీ 1383 నుంచి 1393 దాకా పదకొండు అడంగళ్లు (ఏ నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటా రాసే పుస్తకాలు), ఒక 10(1) (ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చూపే పుస్తకం), సగం చెదలు తిన్న ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పటాలు) నకళ్లు కొన్ని.

ఫసలీ అంటే తెలియని పిల్లలకు: అది రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలైతో మొదలవుతుంది. అంటే చివరి పుస్తకం 1983 జూలైది. అందులో మొదటి పంట గడులన్నీ నిండుగా ఉన్నాయి. రెండో పంట గడులన్నీ ఖాళీ. మినుములు ఇంకా గుప్పెడెత్తు కూడా లేచి ఉండవు, 1984 జనవరి 6న ఆర్డినెన్స్ వచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులన్నీ ఒక్క సంతకంతో తీసేసింది. అప్పుడు నాకు పదేళ్లు. పండగ వారం. తాతగారు ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నారని, బామ్మ అరిసెలు పిల్లలకు చాటుగా పెట్టిందని గుర్తు. తర్వాత ఎవరో ఆఫీసరు జీపులో వచ్చి పుస్తకాలు తీసుకెళ్లాడు. అన్నీ తీసుకెళ్లాడనే ఇన్నాళ్లూ అనుకున్నాం.

అసలు విషయానికి వస్తా. ఒక సర్వే నంబరు దగ్గర (నంబరు రాయను) 2 ఎకరాల 40 సెంట్లు. బంజరు. సాగు చేస్తున్నది ఎవరు అనే గడిలో ఇంకుతో మా నాన్న పేరు, శివాయి జమా (పట్టా లేకుండా సర్కారు భూమి సాగు చేస్తున్నవాళ్ల లెక్క) కింద. దాని పక్కన, అంచు మీద, పెన్సిల్‌తో సన్నగా ఇంకో పేరు. ఆ ఇంటిపేరు మాకు తెలుసు. మాలపల్లెలో ఉండేవాళ్లు. వాళ్లావిడ మా ఇంట్లో పురుళ్లకు, పచ్చళ్ల పనులకు వచ్చేది. ఆ పొలం దున్నింది ఆయనేనని ఊళ్లో అందరికీ తెలుసు, మాకూ తెలుసు. కానీ కాగితం మీద ఎప్పుడూ చూడలేదు.

ఫసలీ 1391లో అదే భూమికి నాన్న పేరు మీద డీకేటీ పట్టా (సర్కారు భూమిని పేదలకు ఇచ్చే పట్టా) ఇచ్చారు. "భూమి లేని నిరుపేద" అని. నాన్న అప్పటికి బీఏ పాసై ఉద్యోగం లేకుండా ఉన్న మాట నిజమే. పొలమంతా తాతగారి పేరు మీద ఉంది కాబట్టి నాన్నకు భూమి లేని మాట కూడా, లెక్క ప్రకారం, నిజమే! తొంభైల్లో అక్కడ రొయ్యల చెరువు తవ్వారు. ఆ లీజు డబ్బుతోనే నేను గుంటూరులో హాస్టల్లో ఉండి బీఈడీ చేశాను. ఇప్పుడు ఇరవై ఏడేళ్లుగా టీచర్ని. అందుకే ఇది "పాతకాలం సంగతి" అని తోసెయ్యలేకపోతున్నా.

నాన్నను అడిగాను. "అప్పట్లో అందరూ అంతేనమ్మా" అని టీవీ సౌండు పెంచారు.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, ఈ పుస్తకాలు ఎవరికి చెందుతాయి? తహసీల్దారుకా, పురావస్తు శాఖలాంటి వాళ్లకా, మాకా? రెండు, ఆ పెన్సిల్ పేరు ఎందుకు రాసినట్టు? మోసం చేసేవాడు మోసాన్ని రాసి పెట్టుకుంటాడా? తాతగారు నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. దయచేసి తిట్లు వద్దు, తెలిసింది చెప్పండి.

రిటైర్డ్ డీటీ:

అమ్మా, నేను డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను, గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ముందు పుస్తకాల సంగతి. పేజీల అడుగున జమాబందీ (ఏడాది లెక్కల తనిఖీ) అధికారి సంతకం, ముద్ర ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి సర్కారు రికార్డులు, ఇంట్లో ఉంచుకోకూడదు. లేకపోతే కరణం తన కోసం రాసుకున్న నకళ్లు. చాలామంది రెండు ప్రతులు రాసేవాళ్లు. 1984లో దఫ్తరాలు స్వాధీనం చేసుకోవడానికి వెళితే కొందరు కరణాలు సగమే ఇచ్చారు, కొందరు "చెదలు పట్టాయి" అన్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మేం ఆ లోటుతోనే ఉద్యోగాలు చేశాం. గట్టు తగాదా వస్తే మాజీ కరణంగారింటికే జీపు వేసుకుని వెళ్లి కాఫీ తాగి అడిగి తెలుసుకున్న రోజులున్నాయి. పదవి పోయినా పని పోలేదన్నమాట.

పెన్సిల్ చూడగానే మోసం అనుకోవద్దు. పంట అజమాయిషీ అయ్యేదాకా పెన్సిల్‌తో రాసుకుని, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చి చూశాక ఇంకు పెట్టడం మామూలే. మీ తాతగారు చిత్తుగా రాసుకుని చెరపడం మర్చిపోయి ఉండొచ్చు.

ఇంకోటి. ఎన్టీఆర్ ఒక్కరోజులో పీకేశారని అందరూ అంటారు గానీ ఆ చెట్టు వేరు అప్పటికే కదిలింది. తండ్రి తర్వాత కొడుకు అనే వంశపారంపర్య హక్కు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది, అదీ మన ఆంధ్ర కేసులోనే. 1980లో ఎంజీఆర్ తమిళనాడులో ఇదే పని చేశారు. కరణాలు కోర్టుకెళ్లి 1982లో ఓడిపోయారు. మనవాళ్లు కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1985లో ఓడిపోయారు. ఆ తర్వాత తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. ఊళ్లో గ్రామ సహాయకుడు, వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి), పంచాయతీ కార్యదర్శి, చివరికి వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. వాళ్లలో ఎక్కువమందికి గొలుసు పట్టి కొలవడం రాదు. తప్పు వాళ్లది కాదు, ఎవరూ నేర్పలేదు.

మెతుకుసీమ:

డీటీ సార్ చెప్పింది విన్నాక రాయకుండా ఉండలేకపోతున్నా. మాది మెదక్ దిక్కు. మీ దగ్గర కరణం, మా దగ్గర పట్వారీ. మా తాత మస్కూరి. పట్వారీ ఊళ్లె తిరుగుతుంటే దఫ్తర్ మూట నెత్తిన పెట్టుకుని వెనక నడిచేటోడు. చదువు రాదు. తన భూమి ఎవరి పేరు మీద రాసి ఉందో తెలియకుండానే ఆ కాగితాలు ఇరవై ఏండ్లు మోసిండు. చచ్చిపోయేదాకా మెడనొప్పి.

కాబట్టి పట్వారీలు పోయినప్పుడు మా ఇంట్ల కల్లు పోసుకున్నరని మా నాయిన చెప్తడు. నేను కాదనను. కానీ తర్వాతి కథ కూడా వినండి. 2017లో రికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు మా అత్తమ్మ ఎకరం పది గుంటలు ఎట్లనో పక్కాయన ఖాతాల పడ్డది. రైతుబంధు మొదలైంది, ఎకరానికి నాలుగు వేల లెక్క పైసలు ఆయన బ్యాంకుల పడుడు మొదలైంది. ఆయన మంచోడే, మొదటి రెండుసార్లు తెచ్చి ఇచ్చిండు. తర్వాత ఆయన కొడుకు ఇయ్యనిచ్చిండు కాదు. 2020ల వీఆర్వోలను తీసేసిండ్రు, ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్ వచ్చింది, పాత పహాణీల (మీ అడంగల్ లాంటిదే) ఉన్న కాస్తు కాలమే లేకుండ పోయింది. దున్నేటోని పేరు రాయడానికి జాగనే లేదు! మీ తాత కనీసం పెన్సిల్‌తోనన్న రాసిండు.

అత్తమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగితే "కంప్యూటర్ తీసుకుంటలేదు" అని ఒక్కటే మాట. పట్వారీ అయితే ఎవని కాళ్లు మొక్కాలెనో తెలుస్తుండె. కంప్యూటర్ కాళ్లు ఎక్కడుంటయ్? ఇప్పుడు ధరణి జాగల భూభారతి అంటున్నరు. మళ్లా దరఖాస్తు పెట్టినం.

కరణంగారి కొడుకు:

మా నాన్న కూడా కరణమే, ప్రకాశం జిల్లా. 1984లో ఆయనకు 51 ఏళ్లు. వేరే పని రాదు. జీతం పేరుకే ఉండేది, అదీ పోయింది. పింఛను లేదు. అక్క పెళ్లి ఆగిపోయింది. అందరూ కరణాన్ని దొంగ అనేవాళ్లే గానీ ఇవి కూడా రాయండి.

1921–22లో పెదనందిపాడు పన్నుల నిరాకరణ జరిగినప్పుడు రాజీనామాలు చేసి తెల్లోడి శిస్తు వసూలును ఆపింది ఈ గ్రామోద్యోగులే. మంచి పనికైనా చెడ్డ పనికైనా ఊరి లెక్క ఎవడి చేతిలో ఉందో వాడే ప్రభుత్వం. ఆ పుస్తకం మా ఇంట్లో ఉన్నప్పుడు మేం తప్పులు చేశాం, ఒప్పుకుంటా. ఇప్పుడు అది మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఉంది. మొన్న 1బీ (ఎవరికి ఎంత భూమి ఉందో చూపే కాగితం) కాపీ కోసం వెళితే ఏ కాగితానికి ఎవరిని కలవాలో, ఎంతవుతుందో ఆ కుర్రాడే చెప్పాడు. అతనికి ఏ వంశపారంపర్యం లేదు, నిజమే.

కరణంగారి మనవరాలు:

అందరికీ థాంక్స్. డీటీ గారూ, చూశాను. సంతకాలు, ముద్రలు ఏమీ లేవు. అంతా తాతగారి చేతిరాతే. నకళ్లే అయ్యుంటాయి.

కానీ చిత్తు అనుకోవడానికి మనసు ఒప్పుకోవట్లేదు. పదకొండు పుస్తకాల్లోనూ ఉంది ఆ పేరు. ప్రతి ఏడూ కొత్త పుస్తకంలో మళ్లీ రాశారు, అదే చోట, అంతే సన్నగా. మిగతా నంబర్ల దగ్గర ఎక్కడా పెన్సిల్ లేదు. పదకొండేళ్లు చిత్తు ఉంటుందా? పేరు కింద ఇంకా చిన్న అక్షరాల్లో "బ 6" అని ఉంది. బంజరు అని ఒకటి, కొలతేమో అని ఒకటి అనుకున్నా. ఆరేమిటో అర్థం కాలేదు.

పొలంగట్టు:

మేడం, నేను కౌలురైతు కొడుకుని, నేనూ కౌలురైతునే. మీరు టీచరు, డీటీ గారు ఆఫీసరు కాబట్టి మీకు తట్టలేదు. మాకైతే చూడగానే తెలుస్తుంది.

"బ" అంటే బస్తాలు. ఆరు బస్తాలు మక్తా. ఆయన దగ్గర్నుంచి మీ ఇంటికి ఏటా రావాల్సిన ధాన్యం. అది రెవెన్యూ లెక్క కాదు, మీ ఇంటి లెక్క. పేరు రాసింది న్యాయం కోసం కాదు, గుర్తు కోసం.

కోపంతో చెప్పట్లేదు, ఇది ఎలా పనిచేసేదో చెబుతున్నా. బంజరును ఎవడు బాగుచేసి దున్నుతున్నాడో వాడి పేరు శివాయి జమాలో పడితే రేపు పట్టా అడగడానికి వాడికి దారి ఉంటుంది. కాబట్టి ఆ గడిలో ఇంకు ఎవరిదో అన్నదే మొత్తం కథ. ఇంకు పడితే పట్టా, పట్టా ఉంటే బ్యాంకు లోను, తుఫాను వస్తే నష్టపరిహారం. పెన్సిల్‌కి ఆరు బస్తాలు కట్టే బాధ్యత ఒక్కటే.

ఇప్పుడు మాత్రం ఏం మారింది? నేను ఏడెకరాలు చేస్తున్నా. 2019 చట్టం ప్రకారం పంట సాగు హక్కు కార్డు తీసుకోవచ్చు, కానీ భూమి యజమాని సంతకం పెట్టాలి. మా ఆసామి మంచివాడే, అన్నీ ఇస్తాడు, సంతకం ఒక్కటి తప్ప. "రేపు నువ్వే ఓనరువంటావు" అని నవ్వుతాడు. యూరియా దగ్గర్నుంచి పురుగుమందు దాకా నా అప్పే, షాపువాడి దగ్గర నూటికి రెండు రూపాయలకు. ఆయన పట్టా మీద ఆయనకు పంటరుణం వస్తుంది, ఆ డబ్బే నాకు తిప్పి ఇస్తాడని ఊళ్లో అంటారు. నేనడగలేదు. అడిగితే వచ్చే ఏడు పొలం ఉండదు.

ఒకటి చూసి చెప్పండి మేడం. దివిసీమ ఉప్పెన ఏడు ఆ పేజీలో ఏముంది? ఆ ఏడు మీ తీరంలో గింజ మిగిలుండదు.

నల్లకోటు:

రెండు ముక్కలు. అడంగల్ హక్కుపత్రం కాదు. పెన్సిల్ రాతతో, అదీ ప్రైవేటు నకలుతో, ఏ కోర్టూ ఈ రోజు భూమి ఇప్పించదు. కానీ అనర్హుడికి ఇచ్చిన డీకేటీ పట్టా అన్నది వేరే ప్రశ్న. అసైన్డ్ భూమిని, అంటే అలా పేదలకని ఇచ్చిన భూమిని, అమ్మకూడదని, లీజుకివ్వకూడదని 1977లో చట్టం వచ్చింది, ఆ భూమిలో రొయ్యల చెరువు లీజు ఎలా నడిచిందో కూడా ఎవరైనా అడగొచ్చు. మీరు ఏం చేసినా ముందు నాన్నగారితో, తమ్ముళ్లతో మాట్లాడండి. ఆ కుటుంబంతో మాట్లాడేముందు మాత్రం వాళ్లకు ఆశ పెట్టే మాట ఒక్కటి కూడా అనకండి.

రిటైర్డ్ డీటీ:

పొలంగట్టు చెప్పిందే కరెక్టు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి పెన్సిళ్లు నేను చూడలేదని చెప్పను. చిత్తు అనేసి పేజీ తిప్పడం అలవాటైపోయింది.

కరణంగారి మనవరాలు:

పొలంగట్టు గారూ, చూశాను. రాత్రి పదకొండింటికి, ఫోను లైటు వేసుకుని.

ఉప్పెన 1977 నవంబరు 19. ఫసలీ 1387. ఆ పేజీ మొత్తం మీద అడ్డంగా ఎర్రసిరాతో "ఉప్పెన వల్ల సావి" (పంట పోయింది) అని రాసి ఉంది. అన్ని నంబర్లకూ కలిపి ఒకే గీత. ఆ గీత కింద, ఆ పేరు దగ్గర, "బ 0". సున్నా చుట్టూ ఇంకో గుండ్రం. ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నా, తాతగారు వదిలేశారని. పేజీ తిప్పితే 1388లో "బ 6+3". 1389లో "బ 6+3". అక్కడితో బాకీ తీరినట్టుంది, తర్వాత మళ్లీ ఉత్త ఆరే. ఆ ఏడాది పంటనష్టం డబ్బు వచ్చిందా అని నాన్నను అడిగితే ఈసారి టీవీ సౌండు పెంచలేదు. "వచ్చింది" అన్నారు. ఎంత, ఎవరికి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

చివరి పుస్తకంలో, 1393లో, "బ" ఉంది. అంకె లేదు. కుప్పలు నూర్చేలోపే ఆర్డినెన్స్ వచ్చి ఉంటుంది.

నిన్న వాళ్ల మనవడి నంబరు సంపాదించి ఫోను చేశాను. చెన్నైలో ఏసీ మెకానిక్. నల్లకోటు గారు చెప్పినట్టు ఏ ఆశా పెట్టలేదు, పుస్తకం దొరికిందని, అందులో ఆయన తాత పేరు ఉందని, ఎందుకుందో కూడా దాచకుండా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నన్ను తిడతాడనుకున్నా. చివరికి, "మేడం, మా తాత పేరు రేషన్ కార్డులో ఒకలా, ఓటరు లిస్టులో ఒకలా ఉంది. ఏది కరెక్టో మాకు తెలీదు. మీ తాత ఎలా రాశారు?" అన్నాడు.

అక్షరం అక్షరం చదివి చెప్పాను. రాసుకున్నాడు. ఒత్తు ఉందా లేదా అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత అన్నాడు, "ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వకండి. ఆదివారం ట్రైనెక్కి వస్తా."